సిరా అంటని స్టాంపు

లింగవ్వ ఆఖరి గోలీ వేసుకున్నది పొద్దున ఆరింటికి. ఇప్పుడు పన్నెండు దాటి ఇరవై నిమిషాలైంది. పన్నెండింటి గోలీ పడలేదు, పడే దారీ కనిపించడం లేదు. రొమ్ములో మొదలై వెన్నుపూసలోకి దిగిన కేన్సర్ మాత్రం ఎవరి ఆర్డరు కోసమూ ఆగకుండా టైముకు పని మొదలుపెట్టింది.

లక్సెట్టిపేటలోని ఆ చిన్న ఇంటి అరుగు మీద ఇన్‌స్పెక్టర్ అంబ్రీన్ ఆమెకు ఎదురుగా కూర్చుంది. సర్కారు ఆరోగ్య బీమా పథకంలో దొంగల్ని పట్టుకునే విజిలెన్స్ విభాగం ఆమెది. పొద్దున కరీంనగర్‌లో బయల్దేరేటప్పుడే అరికాలిలో మంట ఉంది. ఈ ముసలమ్మ కొంగు పళ్ల మధ్య బిగబట్టి మాట్లాడటం చూశాక అది నెత్తికెక్కింది.

"అవ్వా, ఈ మూడు నెలల్ల నొప్పి గోలీలు ఎన్నిసార్లు తెచ్చుకున్నవ్?"

"నెలకొక్కపారి. మూడుసార్లు. రోజుకు నాలుగు చొప్పున నూటిరవై ఇస్తరు. ఒకటి ఎక్కువేసుకుంటె కండ్లు తిరుగుతయి బిడ్డా, నేనెందుకేసుకుంట?"

అంబ్రీన్ చేతిలోని కాగితం తొమ్మిదిసార్లంటోంది. తొమ్మిదిసార్లూ లింగవ్వ స్వయంగా దుకాణానికి వచ్చి, మిషన్ మీద బొటనవేలు పెట్టి, మొత్తం వెయ్యికి పైగా గోలీలు పట్టుకుపోయిందట. కేన్సర్‌కైనా నడుముకైనా, తట్టుకోలేని నొప్పికి ఆ గోలీ మందు. ఏ నొప్పీ లేని కుర్రాళ్లకు అదే నశా. ఊళ్లో ఇట్లాంటి కార్డులు అరవై మూడు ఉన్నాయి. నిన్న సాయంత్రం బీమా ఆఫీసు అన్నింటినీ ఆపేసింది. ఇవ్వాళ ఐదింటికి వాటిని పూర్తిగా రద్దు చేసి, అందరి మీదా కేసు పెట్టబోతోంది. ఐదు దాటితే లింగవ్వ ఇంటికి గోలీ రాదు, పోలీసు వస్తాడు.

"తొమ్మిదిసార్లు తెచ్చుకున్నవని కంప్యూటర్ల ఉన్నదవ్వా."

"కంప్యూటర్ నా ఇంటికొచ్చి చూసిందా? నలబై ఏండ్లు బీడీలు చుట్టిన. కార్ఖాన్ల ఒక్కనాడు ఒక్క కట్ట తక్కువ పెట్టలే. గిప్పుడు సచ్చేటప్పుడు దొంగనైతినా?"

అంబ్రీన్ కాగితం మళ్లీ మొదటి నుంచి చదివింది. కాగితంలో ఒక వరుస దగ్గర ఆమె చూపు ఆగిపోయింది. ఎన్నో ప్రయత్నానికి వేలిముద్ర సరిపోయిందో రాసే వరుస అది. తొమ్మిది చోట్లా ఒకటే అంకె. మొదటి ప్రయత్నం.

"అవ్వా, నీ కుడిచెయ్యి ఇటియ్యి."

బొటనవేలు గాజుముక్కలా నున్నగా ఉంది. తునికాకు చుట్టీ చుట్టీ, చివరలు మడిచీ మడిచీ గీతలన్నీ అరిగిపోయాయి. అంబ్రీన్‌కు ఆ వేలు కొత్త కాదు. ఆమె తల్లి ఖాజాబీ కూడా చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే పిల్లల్ని పెంచింది. రేషన్ దుకాణంలో ఇప్పటికీ ఖాజాబీ వేలు పడదు. డీలరు విసుక్కుంటాడు, ఆమె కొంగుతో తుడిచి మళ్లీ పెడుతుంది.

"మందుల దుకాణంల మిషన్ మీద నీ వేలు పడుతదా?"

"యాడ పడుతది? సంపత్ సారు మిషన్ లోపలికి తీస్కపోతడు. ఆడ సిగ్నల్ మంచిగుంటదట. జరసేపటికి గోలీలు తెచ్చిస్తడు. దేవుడసొంటోడు."

"మరి కార్డు రాసిననాడు ఎట్ల పడ్డది?"

"గప్పుడు సుత పడలే. మా బీడీలోల్లందరికీ కార్ఖాన్లనే రాసిండ్రు, రెండేండ్లాయె. ఒక్కరిది పడకపాయె. గా రాసే పిలగాడు మంచోడు. సాయెబుల పిలగాడు, కరీంనగర్ నుంచొచ్చిండు. రోజాలుండె, పొద్దంత నీళ్లు సుత ముట్టలే. మీ పని నేను చేస్త తియ్యి పెద్దవ్వా అన్నడు. ఎట్లనో చేసిండు."

తన ఇంట్లోనూ ఆ పని చేసినవాడు ఒకడున్నాడని అంబ్రీన్‌కు గుర్తొచ్చింది. ఆ పని చేసిన కుర్రాళ్లు కరీంనగర్‌లో ఎంతమంది లేరు, అనుకుంది. అనుకుని లేచింది. వెంట వచ్చిన హెడ్ కానిస్టేబుల్ అంజన్నను పిలిచి, లింగవ్వను జాగ్రత్తగా బండిలో కూర్చోబెట్టమంది.

పథకం మందులిచ్చే దుకాణం ఊళ్లో ఒక్కటే. ఒంటిగంట పదికి వాళ్లు చేరేసరికి దాని ఓనరు సంపత్ చాయ్ పోయిస్తున్నాడు. కుర్చీలో కూర్చుని ఆ చాయ్ తాగుతున్నది మమతారాణి. బీమా ఆఫీసులో ఖర్చుల అదుపు విభాగం ఆమెది. కార్డులు ఆపింది ఆమే. పొద్దున వచ్చి దుకాణంలో ఉన్న ఆ నొప్పి గోలీల పెట్టెకు సీలు కూడా వేసింది.

"లేటయిండ్రు అంబ్రీన్ గారూ. నా పనైపోయింది."

"పేషెంటు బయట బండిల నొప్పితోని మెలికలు తిరుగుతుంది. ముందు సీలు తీసి ఆమెకు గోలీ ఇయ్యండి."

"ఆపిన కార్డు మీద గోలీ ఇస్తె రేపు నన్ను ఆపుతరు." మమతారాణి కప్పు కింద పెట్టింది. "ఈ మండలంల నొప్పి గోలీల ఖర్చు ఏడాదిల మూడింతలైంది. అదుపు చెయ్యమన్నరు, చేసిన."

"జబ్బు తగ్గించమంటె జబ్బుమనిషినే తగ్గిస్తరా?"

"మాటలు మంచిగున్నయి. మరి గా గోలీలు యాడికి పోయినయి? పోయిన నెల మంచిర్యాలల భవ్యశ్రీ అని ఇంటరు చదివే పిల్ల గివే మింగి సచ్చిపోయింది. ఆ తల్లి నా ఆఫీసుకొచ్చి నా టేబుల్ మీద తల కొట్టుకున్నది. సర్కారు పైసలతోని నా బిడ్డను సంపిండ్రన్నది. నేనేం చెప్పాలె? ఈ ముసలోళ్లు నెలకు మూడుసార్లు తీసి అమ్ముకుంటుండ్రు. సంపత్ గారే కంప్లైంటు రాసిచ్చిండు."

కంచే చేను మేసి, పైగా ఎద్దు మీద ఫిర్యాదు కూడా రాసిందన్నమాట. అంబ్రీన్ సంపత్ వైపు తిరిగింది.

"లింగవ్వ వేలు నీ మిషన్ మీద ఎన్నిసార్లకు పడుతది?"

"ఒక్కొక్కసారి ఒక్కొక్కతీరు మేడం. రెండు, మూడు..."

"కాగితంల తొమ్మిదిసార్లూ మొదటిసారికే పడ్డదని ఉన్నది."

సంపత్ చాయ్ కెటిల్ కింద పెట్టాడు. "పొద్దున పొద్దున అయితె మంచిగ పడుతది మేడం. పని మీద కూసోకముందు వేళ్లు సాఫ్ ఉంటయి."

"పోయిన నెల మూడో తారీఖు, సాయంత్రం ఆరు నలబై. పదకొండో తారీఖు, ఏడు పది. ఇరవై రెండు, ఏడు ఇరవై. నీ లక్సెట్టిపేటల పొద్దు గప్పుడు పొడుస్తదా?"

మమతారాణి కాగితం లాక్కుని చూసింది. చూసి, దాన్ని తిరిగి ఇవ్వలేదు.

అంజన్న లింగవ్వను చేతులమీద తెచ్చినంత పని చేసి బెంచీ మీద కూర్చోబెట్టాడు. మిషన్ ముందుకు జరిపారు. ఎర్ర లైటు. తుడిచి పెట్టారు. ఎర్ర లైటు. మూడోసారీ అంతే. అంజన్న వాడలోకి వెళ్లి, జాబితాలో పేర్లున్నవాళ్లలో దొరికినవాళ్లను దొరికినట్టే పిలుచుకొచ్చాడు. నడుములు పోయినవాళ్లు, మెడనరం పట్టి తల తిప్పలేనివాళ్లు, పక్కింటి శంకరవ్వ. పదకొండుమంది ఆడవాళ్లు తలా మూడుసార్లు పెట్టారు. ముప్పై మూడుసార్లలో ఒక్కటీ పడలేదు. శంకరవ్వ మాత్రం వెనక్కి పోతూ, "గిది పడదని ఈ సారుకు ఎప్పటికెల్లి ఎర్కనే," అంది.

ఇంతలో మూడున్నర అయింది. మమతారాణి మొహంలో పొద్దుటి ధీమా లేదు, అలాగని దిగిరానూ లేదు.

"సరే, వీళ్ల వేళ్లు కావు. మరెవరివి? సంపత్‌వా? పది వేళ్లూ పెట్టించండి."

పెట్టించారు. ఎర్ర లైటు పదిసార్లు వెలిగింది. సంపత్ ముఖానికి మళ్లీ రంగు వచ్చింది.

"చూసిండ్రా," అంది మమతారాణి. "నా ఆర్డరు ఆపాలంటె, వేలు ఎవరిదో పేరు కావాలె. పేరు లేకుంట నేను పైకి ఏం రాయాలె, బీడీలు చుట్టిండ్రు కాబట్టి దొంగలు కాదనా? ఐదింటికి బటన్ నొక్కుత."

బెంచీ మీద లింగవ్వ ముందుకు ఒంగిపోయి, రెండు చేతులతో బెంచీ అంచు పట్టుకుంది. నాలుగింటికి ఆమె వాంతి చేసుకుంది. కడుపులో ఏమీ లేదు, పసరు మాత్రం వచ్చింది. మమతారాణి తన సీసాలో నీళ్లు ఇచ్చింది, కానీ సీలు వైపు చూడలేదు. రూలంటే రూలే. ఆ రూలు రాసినవాడి వెన్నులో ఒక్క రాత్రి ఈ నొప్పి పెట్టి చూడాలనిపించింది అంబ్రీన్‌కు.

ఆమె సంపత్‌ను వెంటబెట్టుకుని లోపలి గదిలోకి వెళ్లింది. మిషన్‌కు సిగ్నల్ బాగుంటుందన్న గది అది. జేబులోంచి తన ఫోన్ తీసి చూసింది. బయట ఉన్న సిగ్నల్‌లో సగం కూడా లేదు. అంటే మిషన్ ఇక్కడికి వచ్చేది సిగ్నల్ కోసం కాదు.

ఒక టేబుల్, ఒక స్టూలు, రెండు అలమారలు. టేబుల్ మీద ప్రిస్క్రిప్షన్ల ఫైలు, ఇంకు ప్యాడు, స్టాంపులు వేలాడేసే ఇనుప చక్రం. అలమారలు రెండూ వెతికింది. మందు డబ్బాలు దించి వెనక గోడ తట్టి చూసింది. సొరుగులు కింద కుమ్మరించింది. సంపత్ గోడకు ఆనుకుని గడియారం చూస్తున్నాడు. ఆ చూపులో తొందర లేకపోవడమే ఆమెను మరింత మండించింది. నాలుగూ ఇరవై.

ఆమె స్టూలు మీద కూలబడి టేబుల్ వైపు చూసింది. చక్రానికి ఐదు స్టాంపులున్నాయి. దుకాణం పేరుది, తేదీది, సంతకం కింద వేసేది, మందులు ఇచ్చామని వేసేది. నాలుగింటి రబ్బరూ సిరా తాగి నల్లబడింది, పిడుల మీద వేళ్ల మరకలు. ఐదోదాని పిడీ వాడి వాడి అరిగింది. రబ్బరు మాత్రం కొన్ననాటిలా ఉంది. పుట్టాక సిరా మొహం చూడని స్టాంపు.

దాన్ని తీసి కిటికీ వెలుగులో తిప్పింది. అక్షరాలు లేవు. సన్నటి గీతలు, గుండ్రంగా, ఒకదానిలో ఒకటి. మనిషి బొటనవేలు.

"మేడం," అన్నాడు సంపత్. గొంతులో భయం లేదు. "తలుపు జర దగ్గరికెయ్యుండ్రి. మీ మంచికే చెప్తున్న."

"నా మంచి నువ్వు చెప్పేటిదాక వచ్చిందా?"

"గది ఎవరి వేలో ఎర్కనా? మీ తమ్ముడు సాద్‌ది. కార్ఖాన్ల కార్డులు రాసిననాడు ఎవరివీ పడకపోతె, అందరికి తన వేలే పెట్టిండు. పాపం, గప్పుడు మంచికే పెట్టిండు. తర్వాత గా వేలు ఎంత పని చేస్తదో ఆయనకే సమజైంది."

అంబ్రీన్ చేతిలో స్టాంపు బరువెక్కింది. "నా తమ్ముడు సౌదీల, దమ్మాంల ఉన్నడు. ఎనిమిది నెలలైంది."

"గట్లనా. మరి పోయిన శుక్రవారం మీరు కూసున్న గా స్టూలు మీదనే కూసోని చాయ్ తాగింది ఎవలు మేడం? పాత రబ్బరు అరిగిందంటె గదే పిడికి కొత్తది పెట్టిచ్చిండు."

ఆమె స్టూలు మీంచి లేచింది.

"వినుండ్రి," సంపత్ ఒక అడుగు దగ్గరికి వచ్చాడు. "గది నాలీల పడేయుండ్రి. ఏం దొరకలే అనుండ్రి. ఇంకో అరగంటల ఐదయితది, కార్డులు పోతయి, బాత్ ఖతం. గీ ముసలోళ్లు ఎట్లయినా ఎన్నొద్దులుంటరు? మీ తమ్ముడు బతుకుతడు. మీ నౌకరి బతుకుతది. మీ అమ్మ బతుకుతది."

అంబ్రీన్ చెయ్యి లేచింది. వాడి చెంప దాకా వెళ్లిన చేతిని ఆమె పళ్లు కొరికి దించుకుంది. కొడితే వాడికి కోర్టులో చెప్పుకోవడానికి ఒక ముక్క దొరుకుతుంది. అంతకన్నా ఆమెను కుదిపేసింది వేరే సంగతి. వాడు చెప్పింది విన్నప్పుడు, ఒక్క క్షణం, ఆమె చూపు నిజంగానే కిటికీ కింది మురుగు నాలీ వైపు పోయింది. సాద్‌ను చంకనేసుకుని పెంచింది తనే. అమ్మీ చాట ముందు నుంచి లేవలేని రోజుల్లో వాడికి అన్నం తినిపించిందీ, బడికి తోలిందీ తనే.

అప్పుడు బయటి నుంచి కేక వినిపించింది. పొద్దుటి నుంచి కొంగు నోట్లో కుక్కుకున్న లింగవ్వ కొంగు వదిలేసింది. "అవ్వా... ఓ అవ్వా..." అరవై ఏళ్లు దాటిన మనిషి, ఎప్పుడో పోయిన తల్లిని పిలుస్తోంది.

అంబ్రీన్ తలుపు తన్ని బయటికి వచ్చింది. నాలుగూ ముప్పై ఆరు.

మిషన్ మీద లింగవ్వ కార్డు నంబరు కొట్టి, స్టాంపు ఆనించింది. పచ్చ లైటు, మొదటిసారికే. శంకరవ్వ నంబరు కొట్టింది. పచ్చ లైటు. మరో ఇద్దరివి. పచ్చ, పచ్చ. దుకాణంలో ఉన్న ఆడవాళ్లంతా నోళ్లు వెళ్లబెట్టారు. అంజన్న వెళ్లి సంపత్ చెయ్యి పట్టుకున్నాడు.

మమతారాణి లేచి నిలబడింది. "ఎవలదది?"

"మీ లాగిన్‌ల వెతికితె దొరుకుతది. వెతికేటంత టైము లేదు, నేనే చెప్త. మహమ్మద్ సాద్. కార్డులు రాసిన ఆపరేటరు." అంబ్రీన్ స్టాంపు కౌంటరు మీద పెట్టింది. "నా సొంత తమ్ముడు. ఖాజాబీ కొడుకు. ఊరు కరీంనగర్. రాయండి."

మమతారాణి మొదటిసారి ఆమెను ప్రత్యర్థిలా కాకుండా చూసింది.

"ఇది రాస్తె కేసు మీ చేతుల్ల ఉండది. మీ మీదనే విచారణ పెడుతరు."

"ఎర్కనే. మీరు టైము చూడండి."

మమతారాణి గడియారం చూసింది. లాప్‌టాప్ ముందు కూర్చుని సాద్ వేలితో అరవై మూడు కార్డులనూ సరిచూసింది. అన్నీ ఒకటే వేలు. పేరు రాసింది, సంపత్ దొంగతనం రాసింది, స్టాంపు ఫొటో పెట్టింది. నాలుగూ యాభై మూడుకు రద్దు ఆర్డరు వెనక్కి తీసుకుంది. తర్వాత లేచి, పెట్టె సీలు గోళ్లతోనే పీకేసింది. లింగవ్వ అరచేతిలో గోలీ పెట్టి, నీళ్ల సీసా ఆమె నోటికి తానే అందించింది.

లింగవ్వ మింగింది. దొంగెవరని అడగలేదు, ఎవరినీ తిట్టలేదు. "రేపటికి సుత ఉన్నదా బిడ్డా?" అని మాత్రం అడిగింది.

"ఉన్నదవ్వా," అంది మమతారాణి. తల ఎత్తలేదు.

ఇక మిగిలింది ఒకటే ప్రశ్న. సంపత్ చెప్పిన శుక్రవారం అబద్ధమైతే, సాద్ రెండేళ్ల కిందట మంచికని ఒక పిచ్చిపని చేశాడంతే. ఆ వేలిని ఇంకెవడో అచ్చు పోశాడు. ఆ ఆశ ఎంత చిన్నదైనా అంబ్రీన్ దాన్ని వదల్లేకపోయింది. చాటుగా మాట్లాడిందని రేపు ఎవరూ అనకూడదని, ఫోన్ కౌంటరు మీద పెట్టి, అందరికీ వినపడేలా స్పీకరు నొక్కింది. ఇంటర్నెట్ కాల్ కాబట్టి వాడు ఎక్కడున్నా ఒకేలా మోగుతుంది. టైము ఐదూ నాలుగు.

"సలాం ఆపా," అన్నాడు సాద్. గొంతులో ఎప్పటి నవ్వే. "ఏంది, డ్యూటీ టైముల ఫోన్ చేసినవ్?"

"ఊకనే చేసిన. ఆడ టైమెంత అయింది?"

"రెండున్నర దాటింది. జొహర్ నమాజ్ చదివి ఇప్పుడే కూసున్న. దమ్మాంల ఎండలు పిచ్చిగ కొడుతున్నయి."

లెక్క సరిగ్గా సరిపోయింది. వాడు తడుముకోలేదు. అంబ్రీన్ ఊపిరి వదిలింది. అంజన్న చేతి కింద నిలబడ్డ సంపత్ తల దించుకున్నాడు.

"తమ్మీ, కార్ఖాన్ల కార్డులు రాసిననాడు..." అని ఆమె మొదలుపెట్టిందో లేదో, వాడి వెనక ఎక్కడో మైకు గరగరలాడింది. ఆడ గొంతు ఒకటి నిదానంగా, అక్షరం అక్షరం విడమరిచి పలికింది.

"ప్రయాణికులకు గమనిక. ఆదిలాబాద్ నుండి బోథ్ వెళ్లు బస్సు ఆరవ నంబరు ప్లాట్‌ఫారమ్‌పై సిద్ధంగా ఉన్నది."

సాద్ ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టాడు. ఆలస్యంగా పెట్టాడు.

"ఆపా, లైను మంచిగలేదు..."

"అవును, మంచిగలేదు," అంది అంబ్రీన్. "అన్నం తిన్నవా?"

"తిన్న."

"సరే. పైలం."

ఫోన్ పెట్టేసింది. మమతారాణి తన ఫోన్ తీసి ఆదిలాబాద్ ఠాణా నంబరు అడిగింది. అంజన్నది ఆ ఊరే, చూడకుండానే చెప్పేశాడు. ఆమె అటువైపు మాట్లాడి, బస్టాండు దాటకముందే పట్టుకోమంది. తర్వాత ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని అంబ్రీన్ వైపు చూసింది.

"ఫొటో అడుగుతుండ్రు."

దగ్గర ఉన్నది నిరుడు రంజాన్ పండుగనాడు తీసిందే. ఖాజాబీ, పక్కన సాద్. తల్లి కొడుకు భుజం మీద చెయ్యి వేసి నవ్వుతోంది. అంబ్రీన్ ఫొటోలోంచి తల్లిని కత్తిరించింది. ఎంత దగ్గరికి కత్తిరించినా ఆ చెయ్యి మాత్రం వాడి భుజం మీదే ఉండిపోయింది. అట్లాగే పంపించింది.